క్వీన్ షార్లెట్, మన వైజాగ్ దంతపు కుర్చీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓటీటీ సిరీస్ పుణ్యమా అని క్వీన్ షార్లెట్ పేరు ఇప్పుడు మన ఇళ్ళల్లో కూడా వినపడుతోంది. కానీ ఆవిడ ఇంట్లో విశాఖపట్నంలో చేసిన దంతపు కుర్చీలు ఉండేవి అంటే మాత్రం వైజాగ్ వాళ్ళే నమ్మట్లేదు. చెప్పిన ప్రతిసారీ అవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

అసలు ఎవరండీ ఈ షార్లెట్?

జర్మనీలో మెక్లెన్‌బర్గ్ ష్ట్రెలిట్స్ అని ఒక చిన్న రాజ్యం, మన పాత జమీందారీల్లాంటిది అనుకోండి, ఆ ఇంటి పిల్ల. 1744 మే 19న పుట్టింది. 17 ఏళ్ళకే ఇంగ్లండ్ రాజు మూడో జార్జ్‌తో సంబంధం కుదిరింది, తుఫానుల మధ్య ఓడలో పడుతూ లేస్తూ వచ్చి 1761 సెప్టెంబరు 8న లండన్ చేరింది, పెళ్ళికొడుకుని మొదటిసారి చూసింది ఆరోజే, పెళ్ళి కూడా ఆ రాత్రే అయిపోయింది. ఇంకో రెండు వారాలకి పట్టాభిషేకం. అప్పటికి ఇంగ్లీషు సరిగ్గా రాదు. 15 మంది పిల్లల్ని కంది, ఇద్దరు మగపిల్లలు పసితనంలోనే పోయారు. 57 ఏళ్ళు రాణిగా ఉండి 1818 నవంబరు 17న లండన్ దగ్గర క్యూ అనే చోట చనిపోయింది. మన పాత ఊళ్ళో విక్టోరియా రాణి విగ్రహం ఉంది కదా, ఆ విక్టోరియాకి ఈవిడ సొంత నాయనమ్మ.

మరి మన ఊరికీ ఆవిడకీ ఏంటి సంబంధం?

అలెగ్జాండర్ వించ్ అని ఒకాయన 1773 నుంచి 1775 దాకా మద్రాసు గవర్నరు. ఆర్కాటు నవాబు తంజావూరుని ఆక్రమించుకుంటుంటే ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని తోడిచ్చాడని లండన్‌లో డైరెక్టర్లు ఆయన్ని తీసేశారు. మన కోస్తా చాలావరకు అప్పట్లో మద్రాసు చేతికింద ఉండేది కాబట్టి విశాఖపట్నం పనివాళ్ళ దగ్గర చేయించిన దంతపు కుర్చీలూ ఇతర సామాన్లూ ఆయన దగ్గరికి చేరాయి. ఇంగ్లండ్ వెళ్ళాక 1781లో ఆయన పోయాడు, ఆ ఏడాదే ఇంట్లో సామాను వేలం వేశారు, ఆ వేలంలో మూడో జార్జ్ రాజు ఈ కుర్చీల్ని భార్య కోసం కొన్నాడు. ఆవిడకి దంతపు సామాన్లంటే చాలా ఇష్టం, అందరికీ తెలిసిన సంగతే, రాజుకి బాగా తెలుసు.

ఈ 1781 అనే ఏడాదిని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఆ కుర్చీలు ఎలా ఉంటాయి? మొత్తం దంతమేనా?

ఆకారం చూస్తే పక్కా ఇంగ్లీషు కుర్చీ, అప్పట్లో లండన్‌లో ఫ్యాషన్‌లో ఉన్న మోడలే. దగ్గరికెళ్ళి చూస్తే మాత్రం ఒళ్ళంతా తెల్లటి దంతం, దానిమీద నల్లటి సన్నగీతల్తో పూలతీగలు. ఆ తీగల్ని చూస్తే కలంకారీ దుప్పట్ల అంచులు గుర్తొస్తాయి, ఊరికే కాదు, ఈ తీరంలో అద్దకం బట్టకి వాడిన డిజైన్లే ఇటు చెక్కసామానులోకీ వచ్చాయి, రెండూ ఒకే రేవుల నుంచి ఓడ ఎక్కేవి కదా.

పని ఎలా చేసేవాళ్ళంటే, మొదట్లో రోజ్‌వుడ్ లాంటి నల్లచెక్కలో గాడి తీసి అందులో దంతం ముక్కలు పొదిగేవాళ్ళు. 18వ శతాబ్దం నడుస్తున్నకొద్దీ పద్ధతి మారింది, గంధం చెక్కతో వస్తువు చేసి దానిమీద దంతాన్ని పలచటి రేకుల్లా కోసి మొత్తం కప్పేయడం మొదలైంది. ఆ రేకు మీద సూదిమొనలాంటి పనిముట్టుతో గీతలు గీకి, వేడిచేసిన నల్ల లక్కని ఆ గీతల్లోకి దిగేలా రుద్ది, ఆరాక పైన మిగిలింది గీకేస్తే గీతలో మాత్రమే నలుపు ఉండిపోతుంది. వినడానికి సులువుగా ఉంది కానీ ఒక్క గీత పక్కకి జారితే ఆ రేకు పోయినట్టే, ఏ ఆకు ఈనె చూసినా ఎక్కడా చెయ్యి వణికిన జాడ కనపడదు. నాకైతే ఆ కుర్చీ మొత్తంలో అదే అన్నింటికన్నా గొప్ప సంగతి, బంగారం, రాజముద్రలు ఏవీ దానికి సాటి రావు.

1756లో ఇటువైపు వచ్చిన మేజర్ జాన్ కార్నీల్ అనే సైనికాధికారి కూడా విశాఖపట్నం పొదుగుడు పనిని తెగ మెచ్చుకుంటూ రాశాడు. అంటే రాణి ఇంటికి వెళ్ళడానికి పాతికేళ్ళ ముందే మన ఊరి పనికి పేరుంది.

చేసినవాళ్ళ పేర్లు తెలుసా?

ఈ పని కంసాలులది అని రికార్డుల్లో ఉంది. అంతవరకే. కుర్చీ చేయించుకున్న గవర్నరు పేరు ఉంది, వేలం వేసిన ఏడాది ఉంది, కొన్న రాజు పేరు, కూర్చున్న రాణి పేరు ఉన్నాయి. నెలల తరబడి కళ్ళు పొడుచుకుని ఆ పూలు గీసిన మనిషి పేరు ఏ కాగితంలోనూ లేదు. ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఇదే అండి, రాణిగారి గురించి ప్రపంచమంతా రాస్తుంది, ఈ పనివాళ్ళ గురించి మనం తప్ప ఇంకెవరు మాట్లాడతారు.

అంత దంతం ఎక్కడి నుంచి వచ్చేది?

చాలావరకు సముద్రం అవతల పెగూ నుంచి, అంటే ఇప్పటి మయన్మార్ నుంచి. మంచి కలప కూడా అక్కడి నుంచే కొంత వచ్చేది. మనది రేవు కాబట్టి ముడిసరుకు ఓడలో వచ్చేది, తయారైన వస్తువు ఓడలోనే వెళ్ళేది. ఇంగ్లీషువాళ్ళ ఫ్యాక్టరీ (అంటే సరుకు కొని దాచే వ్యాపార కోఠీ) పక్కనే, పక్కన భీమిలిలో డచ్చివాళ్ళు, ఆర్డర్లిచ్చే దొరలకి కొదవ లేదు. ఆ దంతం వెనక చచ్చిపోయిన ఏనుగులు ఉన్నాయన్నది కూడా నిజమే, పనితనం మెచ్చుకునేటప్పుడు ఆ సంగతి వదిలేయకూడదు.

ఆవిడ ఎప్పుడైనా ఇండియా వచ్చిందా?

లేదు. 1761లో ఇంగ్లండ్‌లో దిగాక మళ్ళీ పుట్టింటికే వెళ్ళలేదు, ఇక ఇండియా ఎక్కడ.

ఒక్కో పెయింటింగ్‌లో ఒక్కోలా ఉంటుంది, ఏది అసలు ముఖం?

ఇది చాలామంది అడిగారు. ఫొటోలు లేని కాలం, పైగా రాజుగారి పెయింటర్ల పని ఉన్నది ఉన్నట్టు గీయడం కాదు, రాణిలా కనపడేలా గీయడం. అలన్ రామ్సే వేసిన పట్టాభిషేకం బొమ్మ ప్రభుత్వ బొమ్మ లాంటిది, దానికి కాపీలు తీసి రాయబారుల ఇళ్ళకి, కాలనీలకి పంపేవాళ్ళు. 1765 ప్రాంతంలో జోఫనీ వేసిన బొమ్మలో లేసు కప్పిన అద్దం బల్ల దగ్గర కూర్చుని ఉంటుంది, పక్కన ఇద్దరు పెద్దకొడుకులు వేషాలేసుకుని, ఒక పెద్ద కుక్క. ఇంటి లోపల ఎలా ఉండేదో చూడాలంటే అది చూడాలి. ఈ జోఫనీ తర్వాత ఇండియా వచ్చి లక్నో, కలకత్తాల్లో కొన్నేళ్ళు బొమ్మలు వేసుకున్నాడు.

గెయిన్స్‌బరో వేసిన నిలువెత్తు బొమ్మని జనానికి చూపించింది 1781లో, చెప్పా కదా ఆ ఏడాది మళ్ళీ వస్తుందని. చెమ్కీలు మెరిసే పలచటి గౌను, కాళ్ళ దగ్గర చిన్న కుక్కపిల్ల. కుర్చీలు ఇంటికొచ్చిన ఏడాది ఆవిడ ఎలా కనపడేదో, కనీసం ఎలా కనపడాలనుకుందో అది చూస్తే తెలుస్తుంది.

నన్నడిగితే అన్నింటికన్నా నిజమైన ముఖం 1789లో థామస్ లారెన్స్ వేసినది, ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అప్పుడు లారెన్స్‌కి 20 ఏళ్ళు, రాణికి 45. అంతకు ముందు చలికాలమంతా రాజుకి మతి చెడి ఇల్లంతా నరకం అయ్యింది, రాజు కోలుకుని కొన్ని నెలలే అయ్యింది. నెరిసిన జుట్టు, తలమీద టోపీ లేదు, కళ్ళల్లో నిద్రలేని అలసట, వెనక దూరంగా చెట్ల మధ్య ఈటన్ చర్చి. చేతులకి ముత్యాల గాజులు, ఒకదాని మధ్యలో రాజుగారి బుల్లి బొమ్మ. రాణి ఎక్కువసేపు కూర్చోడానికి ఒప్పుకోలేదు కాబట్టి ఆ నగలు వేసే టైముకి మిసెస్ పాపెండిక్ అనే పరిచారిక ఆ గాజులు పెట్టుకుని కూర్చుంది. బొమ్మ రాజుకీ నచ్చలేదు రాణికీ నచ్చలేదు, తల మీద ఏమీ లేకుండా వేశాడని రాజుకి కోపం, పాపం ఆ కుర్రాడికి డబ్బులు కూడా రాలేదు, బొమ్మ ఆయన దగ్గరే ఉండిపోయింది. వాళ్ళకి నచ్చకపోవడమే మన అదృష్టం అనిపిస్తుంది, ఎందుకంటే అందులో రాణి కన్నా మనిషే ఎక్కువ కనపడుతుంది.

ఆవిడ నల్లజాతి రాణి అంటారు, నిజమా?

ఆ వాదన పుట్టింది ఆవిడ వంశవృక్షంలో చాలా చాలా పైన ఉన్న పోర్చుగీసు పూర్వీకురాలి దగ్గర. 15వ శతాబ్దపు మార్గరీటా అనే ఆవిడ, ఆమెకి పైన 13వ శతాబ్దంలో ఒక పోర్చుగల్ రాజుకి సంబంధించిన మూర్ స్త్రీ (అప్పట్లో స్పెయిన్, పోర్చుగల్‌ వైపు ముస్లింలని మూర్‌లనేవాళ్ళు). అంటే షార్లెట్‌కి 500 ఏళ్ళ ముందు మనిషి, ఆ మూర్ స్త్రీ ఆఫ్రికా మనిషేనా అన్నది కూడా చరిత్రకారులు ఒప్పుకున్న విషయం కాదు. దీనికితోడు స్టాక్‌మర్ అనే డాక్టరు, ముసలితనంలో ఉన్న ఆవిడ ముఖం గురించి రాసిన ఒక మాట, రామ్సే బొమ్మల్లో ముక్కు పెదాలు, ఇవన్నీ కలిపి ఒక కథ తయారైంది. సిరీస్‌లో అలా చూపించడం తప్పని నేను అనను, అది వాళ్ళ కల్పన, బాగుంది కూడా. చరిత్రగా మాత్రం రుజువు లేదు. నల్లవాళ్ళు ఆవిడలో తమని చూసుకోవడం వెనక ఒక ఆకలి ఉంది, దాన్ని చిన్నచూపు చూడొద్దు, కామెంట్లలో కొట్టుకోవద్దు.

ఉత్తరాలు దొరుకుతాయా? ఏం రాసేది?

దొరుకుతాయి, చాలానే ఉన్నాయి. జర్మనీలో ఉన్న అన్న కార్ల్‌కి ఏళ్ళ తరబడి ఫ్రెంచిలో రాసింది. ఫ్రాన్సు రాణి మారీ ఆంట్వానెట్‌తో కూడా ఉత్తరాల స్నేహమే, ఇద్దరూ ఒక్కసారి కూడా కలుసుకోలేదు. డైరీలు కొన్ని మిగిలాయి, ఎన్నింటికి లేచింది, ఎవరు వచ్చారు, ఏం చదివారు, అలాంటి పొడి లెక్కలే ఎక్కువ.

నాకు ప్రాణమైంది మాత్రం 1781 డిసెంబరులో మేరీ డిలేనీకి రాసిన ఉత్తరం. డిలేనీ ముసలావిడ, రంగు కాగితాలు కత్తిరించి నిజం పూలలాగే ఉండేట్టు అతికించేది, వందల పూలు చేసింది. ఆవిడకి రాణి ఒక చిన్న పనిముట్ల సంచీ కానుకగా పంపింది, పైన శాటిన్ మీద బంగారు కుట్టు, లోపల గులాబీ రంగు శాటిన్, అందులో కత్తెర, చాకు, పెన్సిల్ లాంటివి బుల్లి బుల్లి సామాన్లు, దాంతోపాటు తన చేత్తో రాసిన ఉత్తరం. చూడండి, దంతపు కుర్చీలు కొన్నదీ గెయిన్స్‌బరో బొమ్మ చూపించిందీ ఈ ఉత్తరం రాసిందీ ఒకే ఏడాది. బొమ్మలో ఉన్నది దర్జా, కుర్చీలో ఉన్నది మన పనితనం, కత్తెర పంపిన చేతిలో మాత్రం ఒక స్నేహితురాలు ఉంది.

మంచి మాత్రమే చెప్పకూడదు కాబట్టి ఇంకోవైపు కూడా చెప్తా. ఫానీ బర్నీ అనే రచయిత్రి 1786 నుంచి 1791 దాకా ఆవిడ దగ్గర బట్టల వ్యవహారం చూసే ఉద్యోగం చేసింది, గంట మోగితే పరిగెత్తాలి, రాయడానికి టైం లేదు, ఆరోగ్యం పాడైంది, చివరికి మానేసింది. ఆవిడ డైరీ చదివితే రాణి దయగలదే కానీ ఆ కొలువులో బతుకు ఎంత ఉక్కిరిబిక్కిరో అర్థమవుతుంది.

అదే 1781లో ఇక్కడ వైజాగ్‌లో ఏం జరుగుతోంది?

దీని గురించి మాట్లాడేవాళ్ళు చాలా తక్కువ. ముందు ఏడాది, 1780 అక్టోబరులో, హైదర్ అలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు వెళ్ళమంటే ఇక్కడి కంపెనీ సిపాయిలు మేం రామని తిరగబడి అధికారుల మీద కాల్పులు జరిపారు. 1857కి ఎంతో ముందు, మన ఊరి రేవులో. అంటే రాజుగారు లండన్ వేలంలో విశాఖ కుర్చీలు కొంటున్నప్పుడు విశాఖలో ఆ తిరుగుబాటు వేడి ఇంకా చల్లారి ఉండదు. రాణిగారి గది ఒక్కటే చూస్తే ఇది కనపడదు.

ఆర్కాటు వజ్రాలు కూడా ఈవిడవేనా?

అవును. ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ వాలాజా 1777లో ఆవిడకి వజ్రాలు కానుకగా పంపాడు, అవి గోల్కొండ వజ్రాలని చెప్తారు, అంటే మన కృష్ణాతీరం గనులవి. నవాబుకి కంపెనీతో పనులున్నాయి, మెడదాకా అప్పులున్నాయి, కాబట్టి అది ఉత్త ప్రేమతో ఇచ్చిన కానుక కాదు. వీలునామాలో ఆవిడ వాటిని అమ్మి ఆ డబ్బు చిన్నకూతుళ్ళు నలుగురికీ పంచమని రాసింది. పెద్దకొడుకు నాలుగో జార్జ్ వాటిని తనే ఉంచుకున్నాడు, ఆయన పోయాక 1837లో వెస్ట్‌మినిస్టర్ ప్రభువు కొన్నాడు, తర్వాత ఆ కుటుంబం వాళ్ళ టియారాలో (ఆడవాళ్ళు తలకి పెట్టుకునే నగ) పొదిగారు, 1959లో మళ్ళీ అమ్మేశారు. తల్లి రాసింది కూతుళ్ళకి, అనుభవించింది కొడుకు.

ఆవిడ పోయాక కుర్చీలు ఏమయ్యాయి? మనం తిరిగి అడగొచ్చా?

1819లో ఆవిడ సామాన్లు వేలానికొచ్చాయి, ఆ పెద్దకొడుకే దంతపు సామాన్లు కొన్ని తిరిగి కొని బ్రైటన్‌లో తన విలాసభవనంలో పెట్టుకున్నాడు. ఇప్పుడు రాయల్ కలెక్షన్‌లో ఉన్నాయి.

తిరిగి అడగడం గురించి నా అభిప్రాయం చెప్తా, మీరు ఒప్పుకోకపోవచ్చు. ఇవి టిప్పు సుల్తాన్ సామాన్లలా కోట పగలగొట్టి ఎత్తుకుపోయినవి కావు, ఆర్డరిచ్చి చేయించినవి, వేలంలో కొన్నవి. పనివాళ్ళకి ఎంత ముట్టింది అన్నది వేరే బాధ. నేనడిగేది ఒకటే, కొన్నాళ్ళు విశాఖపట్నం తెచ్చి చూపించండి, పక్కన బోర్డు మీద తెలుగులో రాయండి, స్కూలు పిల్లల్ని ఫ్రీగా రానివ్వండి. దంతం కాబట్టి అంతర్జాతీయ పర్మిట్లు కావాలి, కష్టమే, అసాధ్యం కాదు.

అమెరికాలో షార్లెట్ ఊరికి ఈవిడ పేరేనా?

ఈవిడదే. నార్త్ కరోలినాలో ఉన్న మనవాళ్ళు ఎయిర్‌పోర్టు దగ్గర రాణి కంచు విగ్రహం చూసే ఉంటారు. ఆ కౌంటీ పేరు కూడా మెక్లెన్‌బర్గ్, ఆవిడ పుట్టిల్లు. పేరు పెట్టిన కొన్నేళ్ళకే ఆ ఊరు ఆవిడ మొగుడి మీదే స్వాతంత్ర్య యుద్ధానికి దిగింది.

సంగీతం, పూలు అంటారు, అవేంటి?

ఎనిమిదేళ్ళ మొజార్ట్ లండన్ వచ్చినప్పుడు ఆవిడ ముందు వాయించాడు, 1765లో ఆరు సొనాటాలు ఆవిడకి అంకితమిచ్చాడు, 50 గినీలు (అప్పటి ఇంగ్లండ్ బంగారు నాణేలు) బహుమానం. పెద్ద బొకేల్లో నారింజ రంగు కొంగముక్కులా ఉండే బర్డ్ ఆఫ్ పారడైజ్ పువ్వు చూస్తాం కదా, దాని శాస్త్రీయనామం స్ట్రెలిట్జియా రెజినే, ఆవిడ పుట్టింటి పేరుతో పెట్టిందే.

మా తాతల నాటి దంతపు పెట్టె ఉంది, అమ్మొచ్చా?

అమ్మకూడదు. వన్యప్రాణి చట్టం 1972ది, 1986లో, 1991లో మార్చాక దంతం వ్యాపారం దేశంలో పూర్తిగా నిషేధం, పాతదైనా సరే. ఇంట్లో ఉంటే యాజమాన్య సర్టిఫికెట్ ఉండాలి, అటవీశాఖ వాళ్ళని అడగండి. నూరేళ్ళు దాటిన కళావస్తువుని విదేశానికి పంపడం కూడా నేరమే. ఆన్‌లైన్‌లో ఫొటో పెట్టి రేటు అడగడం లాంటివి చెయ్యొద్దు. గట్టిగా రుద్ది కడగొద్దు కూడా, గీతల్లో లక్క ఊడిపోతే పని మొత్తం పోయినట్టే.

వైజాగ్‌లో ఇప్పుడు ఏం చూడొచ్చు?

దంతం పని ఇప్పుడు లేదు, ఉండకూడదు కూడా. బీచ్ రోడ్డులో పాత డచ్చి బంగళాలో విశాఖ మ్యూజియం ఉంది, జమీందారుల చిత్రపటాలు, ఆయుధాలు చూడొచ్చు. వన్ టౌన్‌లో కోట వీధి, ఓల్డ్ పోస్టాఫీసు, కురుపాం మార్కెట్ చుట్టుపక్కల పొద్దున్నే నడవండి, ఫ్యాక్టరీ ఉన్నదీ ఓడలకి సరుకు ఎక్కించిందీ ఈ వైపే. హైదరాబాద్ వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో దంతం గది ఉంది, అక్కడి కుర్చీలు ఫ్రాన్సు రాజు టిప్పుకి పంపినవని చెప్తారు, వాటిని మన ఊరివాటితో కలపొద్దు.

ఫోన్‌లోనే ఫ్రీగా చూడాలంటే?

రాయల్ కలెక్షన్ వెబ్‌సైట్‌లో కుర్చీల ఫొటోలు జూమ్ చేసుకుని చూసేలా ఉన్నాయి. వెతికేటప్పుడు విశాఖపట్నం అని కొడితే రావు, కంపెనీ కాలంలో దొరలు రాసిన వైజాగపటం (Vizagapatam) స్పెల్లింగ్ కొట్టండి. అదే స్పెల్లింగ్‌తో లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, అమెరికాలో పీబడీ ఎసెక్స్ మ్యూజియం సైట్లలో వెతికినా మన ఊరి పెట్టెలు, బీరువాలు వస్తాయి. లారెన్స్ బొమ్మ నేషనల్ గ్యాలరీ సైట్‌లో, రాజకుటుంబం కాగితాలు జార్జియన్ పేపర్స్ సైట్‌లో. మీకు ఏదైనా కొత్త వైజాగ్ వస్తువు కనపడితే మ్యూజియం పేరు, వస్తువు నంబరు రాసి పంపండి, ఇక్కడ కలుపుతా.